ఎనిమిది జీబీ

“ఈ ర్యామ్ లాప్‌టాప్‌ది నాన్నా. సగం పొడవే ఉంది సూడు. మన డబ్బాలో ఇది ఏటి పడతాది?”

“ఏటి ఏంటే, ఏంటి అనలేవూ?” అన్నారు మా అత్తగారు చిట్టెమ్మగారు మంచం మీంచి. గోదావరి దాటి వచ్చి ఇరవయ్యారేళ్ళయినా ఆవిడ చెవికి ఈ ఊరి మాట ఎక్కలేదు. స్టీల్‌ప్లాంటు క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన మా మధులతకి ఇంకో మాట రాదు.

“పొడవు సంగతి తరవాత. ఎనిమిది జీబీయేనా కాదా, అది చెప్పు,” అన్నారు మా ఆయన.

“ఎనిమిదే. కానీ...”

“వాడు అడిగింది ఎనిమిదే కదా.”

“అన్నయ్య అడిగింది ఎనిమిదే నాన్నా. కానీ ఈ కంప్యూటర్‌కి అడిగేడు. నువ్వు తెచ్చింది వేరే జాతిది. అరగంట నుంచీ అదే సెప్తన్నాను.”

“అసలు ఆ డబ్బా విప్పొద్దని నేనూ అరగంట నుంచీ చెప్తున్నాను. ఆ మాట ఒక్కరికీ వినపడదు,” అన్నాను నేను, చేతిలో తడిగుడ్డతో గుమ్మంలో నిలబడి.

ఎవరూ నా వైపు చూడలేదు. మా ఆయన ఆ చిన్న పలకని కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నారు. స్టీల్‌ప్లాంటు మిల్లులో తనతో పనిచేసే ఎవరో అమ్మకానికి పెడితే, చూసుకోకుండా తెచ్చేశారు. “రేపు తిరిగిచ్చేస్తాలే,” అన్నారు. పంతం మాత్రం వదల్లేదు. వదల్లేదని ఆయన చొక్కా బొత్తాలు పెట్టుకున్న తీరులోనే తెలిసింది నాకు.

మా ముందుగదిలో కిటికీ పక్కన నా కుట్టుమిషను బల్ల ఉంది. మిషను అటకెక్కి నాలుగేళ్ళయింది. బల్ల మీద మా మోహన్ కంప్యూటర్. వాడి పూర్తి పేరు మోహనకృష్ణ. ఆ ఫిబ్రవరిలో, తెల్లవారుజాము షిఫ్టుకని బండి మీద పరవాడ వెళ్తుంటే లారీ గుద్దింది. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఇరవై రెండేళ్ళు. ఆ సంగతి ఇంతకంటే రాయలేను.

ఇది ఏప్రిల్ ఆఖరు. ఆ ఏడు మాకు ఉగాది లేదు. ఆవకాయ లేదు. జాడీలు వంటింటి గట్టు మీద బోర్లించి ఉన్నాయి. చేతులు ఊరికే ఉండలేవు కాబట్టి ఇంట్లో ఒక్కొక్కరం ఒక్కో పని పట్టుకున్నాం. నేను తుడవడం పట్టుకున్నాను. మా అత్తగారు వత్తులు చెయ్యడం పట్టుకున్నారు. దీపం పెట్టేది ఒక్కటే అయినా డబ్బాలకి డబ్బాలు వత్తులు చేశారు. మా ఆయన ర్యామ్ పట్టుకున్నారు.

దీపావళి వెళ్ళిన వారం మోహన్ అడిగాడు. పగలంతా కాంట్రాక్టరు దగ్గర పనిచేసి వచ్చి, సాయంత్రాలు ఇళ్ళ బొమ్మలు గీసేవాడు, కంప్యూటర్‌లో. గోడలు, మెట్లు, కిటికీలోంచి పడే ఎండతో సహా. బొమ్మ కాస్త పెద్దదయ్యేసరికి కంప్యూటర్ బిగుసుకుపోయేది. ఎందుకురా అలా అని నేనడిగితే, “అమ్మా, నీ బీరువా పెద్దదే. కానీ కుట్టుమిషను బల్ల చిన్నది. చీర మొత్తం పరుచుకోలేవు కదా. ర్యామ్ అంటే ఆ బల్ల. నాది నాలుగు జీబీ. ఇంకో ఎనిమిది ఉంటే హాయిగా పరుచుకుంటాను,” అన్నాడు. నాకు అర్థమైంది. ఆయనకీ అర్థమయ్యేలాగే చెప్పాడు. కానీ ఆయన పేపరు మడిచి, “ముందు ఆ ఉద్యోగంలో ఒక ఏడాది నిలబడి చూపించు. బొమ్మల సంగతి తరవాత చూద్దాం,” అన్నారు. ఆ ఉద్యోగం ఆయన చెప్పి వేయించినది. మోహన్ మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు ఈయన అడుగుతున్నారు, కనపడ్డవాళ్ళందరినీ, ఎనిమిది జీబీ ఎక్కడ దొరుకుతుందని.

నేను రోజూ ఆ తెర తుడిచేదాన్ని, కీబోర్డు తుడిచేదాన్ని. డబ్బా మాత్రం తుడిచేదాన్ని కాదు. దాని మూత వాడు ఆఖరిసారి మూసి స్క్రూలు బిగించాడు. మూడే స్క్రూలు. నాలుగోది ఎప్పుడో పారేసుకున్నాడు.

“వాడి చేత్తో మూసిన మూత. అలా ఉండనివ్వండి,” అన్నాను ఆ సాయంత్రం, ఆయన టీ తాగుతుండగా.

“వాడు అడిగింది పెట్టి మూసేస్తాను. ఒక్కసారి,” అన్నారు మా ఆయన.

ఎవరి మాట న్యాయమో చెప్పేవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు.

*

గాజువాకలో అప్పలరాజు కొట్టుకి నన్నూ వెంటబెట్టుకెళ్ళారు. ఒంటరిగా వెళ్ళలేక అని నాకు తెలుసు. అప్పలరాజు మా మోహన్‌తో డిప్లొమా చదివాడు. యారాడ వాళ్ళు. వాళ్ళ నాన్న ఇప్పటికీ సముద్రం మీదకి వేటకి వెళ్తాడు. ఇతను మాత్రం ఇక్కడ ఒక షట్టరు అద్దెకి తీసుకుని కంప్యూటర్లు బాగుచేస్తాడు. మమ్మల్ని చూడగానే లేచి నిలబడ్డాడు. చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ ఎక్కడ పెట్టాలో తెలీక జేబులో పెట్టుకున్నాడు.

“కూకోండి పిన్నీ. కూకో బాబాయ్. టీ సెప్తాను.”

“టీ వద్దు గానీ, మోహన్ కంప్యూటర్‌కి ర్యామ్ కావాలి. ఎనిమిది జీబీ. మంచిది,” అన్నారు మా ఆయన.

అప్పలరాజు ఒక్క క్షణం నా మొహం చూశాడు. ఎవరు వాడతారని అడగలేదు. సొరుగులోంచి రెండు పచ్చటి పలకలు తీసి గాజుబల్ల మీద పక్కపక్కన పెట్టాడు.

“మోహన్‌గాడి బోర్డు నానిచ్చిందే బాబాయ్. దాంట్లో డీడీఆర్ త్రీ రకం ర్యామే పడతాది. ఇప్పుడు కొత్తవన్నీ ఫోరూ, ఫైవూ. ఇదిగో ఇది త్రీ, ఇది ఫోరు. పొడుగు ఒకటే కదా? ఇప్పుడు కింద గంటు సూడు. దీనికి ఇక్కడుంది. దానికి కొంచెం పక్కకి జరిగింది. ఒకదాని సోట్లో ఇంకోటి పడకూడదనే అలా సేసేరు. కరెంటు కూడా తేడా. ఇది తాగినంత అది తాగదు.”

మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండింటినీ వేలితో తడిమి చూశారు. ముప్ఫై ఏళ్ళ ఫిట్టరు. వేలికి తెలియని తేడా ఉండదు ఆయనకి.

“మరి త్రీలో కొత్తది ఇయ్యి.”

“కొత్తది దొరకదు బాబాయ్. ఎవడైనా కొత్తదని ఇచ్చినా నాను నమ్మను. నా దగ్గర ఆఫీసు కంప్యూటర్లోంచి తీసింది ఉంది. రెండ్రోజులు నడిపి సూసాను, బంగారంలా ఉంది. మోహన్‌గాడి నాలుగు జీబీ పక్కన పడతాది, స్పీడూ సరిపోతాది. ఐదు నిమిషాల పని. నానే వొచ్చి ఏసిస్తాను.”

“ఎవడో వాడి పారేసిందా?”

“పారేసింది కాదు బాబాయ్. ర్యామ్‌కి అరుగూ తరుగూ ఏటుంటాది?”

“కొత్తదే కావాలి.”

అప్పలరాజు తల గోక్కున్నాడు. “పోనీ బోర్డు మార్సేద్దాం. బోర్డు, ప్రాసెసరు, ర్యామ్, మూడూ కొత్తవి ఏసేద్దాం. ఆ డబ్బాలోనే.”

“అప్పుడు అది వాడిదెలా అవుతాది?” అన్నారు మా ఆయన.

అప్పలరాజు ఆ పలకలు సొరుగులో పెట్టేశాడు. మేం మెట్లు దిగుతుంటే వెనక వచ్చి, “పిన్నీ, ఎప్పుడంటే అప్పుడు వొత్తాను. ఆ త్రీ ఎవరికీ ఇయ్యను,” అని నాతో మెల్లగా అన్నాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, షీలానగర్ వైపు పోతున్న లారీల వరస చూస్తూ అన్నారాయన: “వాడు ఉండగా కొత్తది కొనివ్వలేదు. ఇప్పుడు తీసుకెళ్ళి ఇంకొకళ్ళది పెట్టమంటావా నాగశ్రీ?”

నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నాకూ అదే న్యాయంగా తోచింది.

*

మధులతకి ఇంటర్లో మార్కులు బాగా వచ్చాయి. బైపీసీ. ఆ మార్కుల కాగితం దేవుడి అరలో పెట్టి దణ్ణం పెట్టుకుంది గానీ, ఎవరమూ స్వీటు మాట ఎత్తలేదు.

మే మొదట్లో ఒక మధ్యాహ్నం నలుగురం అన్నాలకి కూర్చున్నాం. దోసకాయ పప్పు. మా ఆయన అన్నం కలుపుతూ, “రమణమూర్తిగారితో మాట్లాడేను. నువ్వు బీ ఫార్మసీ చేస్తే పరవాడలో ఏదో ఒక కంపెనీలో వేయిస్తానన్నారు. ఇంటి దగ్గరే ఉంటావు,” అన్నారు.

మోహన్‌కి పని వేయించింది కూడా ఆ రమణమూర్తిగారే.

మధు ముద్ద నోట్లో పెట్టుకోలేదు. “నాను సెప్పేను కదా నాన్నా. నాకు నర్సింగ్ కావాలి. ఫారం జూన్ తొమ్మిది ఆఖరు.”

“నర్సా?” అన్నారు మా అత్తగారు. “ఎవరివో పక్కలెత్తడానికా నిన్ను చదివించింది? మన ఇళ్ళల్లో ఎవరైనా వెళ్ళేరా?”

“అన్నయ్య పక్క ఎవరెత్తేరు నాన్నమ్మా?”

ఆవిడ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

“తొమ్మిదో రోజున,” అంది మధు, ఎవరినీ చూడకుండా. “నన్ను ఐదు నిమిషాలు లోపలికి పంపేరు. అప్పుడు ఒక సిస్టర్ అన్నయ్య గోళ్ళు కత్తిరిస్తంది. గోళ్ళు పెరిగిపోయేయమ్మా, దుప్పటికి పట్టుకుంటన్నాయి అంది నాతో. మనం అందరం అక్కడే ఉన్నాం. అన్నయ్య గోళ్ళు పెరిగేయని మనకెవరికీ తెలీదు.”

నా కంచంలో అన్నం నాకు కనపడలేదు కాసేపు.

“అదంతా బాధలో అనుకుంటాం,” అన్నారు మా ఆయన. గొంతు మెత్తగానే ఉంది. మాట మాత్రం మారలేదు. “రేపు నీకు బతుకు ముఖ్యం. ఫార్మసీ అయితే ఒక గాడిలో పడతావు. నేను చెప్పింది విను.”

“మళ్ళీ ఆ రోడ్డేనా నాన్నా?”

ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు. మజ్జిగ దాకా కూడా రాలేదు.

*

డాబాగార్డెన్స్‌లో పెద్ద కొట్టుకి ఆయన ఎప్పుడు వెళ్ళి వచ్చారో నాకు తెలీదు. ఒకరోజు దీపం పెడదామని వెళ్తే దేవుడి అరలో కుంకుమ భరిణె పక్కన కొత్త పెట్టె కనపడింది. మెరిసే కాగితం, లోపల పచ్చటి పలక. అది ఏ రకమో పెట్టె మీద రాసే ఉంది. నేను చదవలేదు.

మే నెల నడిమధ్య, ఆయనకి వీక్లీ ఆఫ్. మధు లైబ్రరీకి వెళ్ళింది. అత్తగారు, నేను కాస్త నడుం వాల్చాం. ఉక్కపోతకి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఆ మగతలో ఆకురాయి చప్పుడు వినపడింది.

మా ఇంట్లో ఆ చప్పుడు కొత్త కాదు. తలుపు గడియ పడకపోతే ఆకురాయి. కుక్కర్ మూత పట్టకపోతే ఆకురాయి. మోహన్ చిన్నప్పటి సైకిలు చైను దగ్గర్నుంచి మా అత్తగారి చేతికర్ర పొన్ను వరకూ ఈ ఇంట్లో ప్రతి వస్తువూ ఆయన అరగదీసి సరిపెట్టిందే. పట్టకపోవడమంటూ ఉండదు, పట్టించే చెయ్యి కావాలి అంటారాయన. మిల్లులో ఆయనకి పేరు కూడా అదే. ఎక్కడినుంచో వచ్చిన విడిభాగం సరిపోకపోతే, కొత్తది వచ్చేదాకా మిల్లు ఆపకుండా, గంగాధరరావుని పిలవండి అంటారు. ఏ గడియో అనుకుని నేను పక్కకి తిరిగి పడుకున్నాను.

చప్పుడు ఆగలేదు. సన్నగా, ఓపిగ్గా, ఒకే లయలో. లేచి ముందుగదిలోకి వెళ్ళాను.

నేల మీద పాత దుప్పటి పరిచి కంప్యూటర్ డబ్బాని పక్కకి పడుకోబెట్టారు. మూత తీసి గోడకి ఆనించారు. మూడు స్క్రూలు ఒక గిన్నెలో ఉన్నాయి. ఆయన బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఆ కొత్త పలకని నా పాత జాకెట్టుగుడ్డలో చుట్టి పట్టుకుని, పుల్లంత ఆకురాయితో దాని గంటుని వెడల్పు చేస్తున్నారు. మోకాలి మీద బంగారు రంగు పొడి.

“అదేంటండీ?”

“రెండు మిల్లీమీటర్లు. అంతే తేడా.”

“అప్పలరాజు పడకూడదన్నాడు కదా. కరెంటు కూడా వేరన్నాడు.”

“అప్పలరాజుకి ఆకురాయి పట్టడం వచ్చా?” అన్నారు తలెత్తకుండా. నుదుటి మీంచి చెమట ముక్కు చివరికి జారి వేలాడుతోంది. దాన్ని కూడా తుడుచుకోలేదు, చెయ్యి కదులుతుందని. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అంత శ్రద్ధగా ఒక పని చెయ్యడం నేను చూడలేదు. నేను ఆపవలసింది. ఆపలేదు. ఆ చేతుల్ని చూస్తూ గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

పలకని ఊది, గుడ్డతో తుడిచి, వాడి పాత నాలుగు జీబీ పక్కన ఉన్న ఖాళీలో నిలబెట్టారు. రెండు బొటనవేళ్ళతో నొక్కారు. ఒక చివర దిగింది. రెండో చివర కొంచెం పైకే ఉండిపోయింది. ఇంకా నొక్కారు. గోళ్ళు తెల్లబడ్డాయి. అప్పుడు ఏదో కిర్రుమంది.

“పట్టింది,” అన్నారు నా వైపు చూసి. మూడు నెలల తరవాత ఆ మొహంలో వెలుగు చూశాను. ఆ వెలుగే నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది, తరవాత జరిగిందాని కంటే.

స్విచ్ వేశారు. లోపల ఫ్యాను గిర్రున తిరిగింది. తెర నల్లగానే ఉంది. ఫ్యాను ఆగింది, మళ్ళీ తిరగబోయింది, చిటుక్కుమంది. ఇస్త్రీపెట్టె కింద నైలాను చీర అంటుకున్నప్పటి వాసన.

ఆయన వైరు పీకేశారు. పలక తీశారు. లోపల సోకెట్టు ఒక పక్క నల్లగా కమిలి ఉంది.

మా అత్తగారు లేచొచ్చి, “ఏంట్రా గంగాధరం, ఆ కంపు?” అన్నారు. ఆవిడ మా ఇద్దర్నీ చూసి, వెళ్ళి కిటికీ రెక్కలు తెరిచారు.

“గంటు నేను చూసేను,” అన్నారాయన. “ఆ కుర్రాడు చూపించినప్పుడే చూసేను. వేరే చోట ఉందని నాకు తెలుసు. తెలిసే అరగదీసేను.”

అది ర్యామ్ గురించేనా అని నేను అడగలేదు.

*

మర్నాడు మధు ఫోన్ చేస్తే అప్పలరాజు వచ్చాడు. డబ్బా ముందు గొంతుక్కూర్చుని, టార్చి వేసి చూసి, అరిగిన ఆ పలకని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

“శానామందిని సూసాను బాబాయ్, తిరగేసి పెట్టినోళ్ళని సూసాను, సుత్తితో కొట్టినోడిని కూడా సూసాను. ర్యామ్‌కి ఆకురాయి పట్టిన మనిషిని నిన్నే సూత్తన్నాను,” అన్నాడు.

నవ్విద్దామనే అన్నాడు పాపం. మా ఆయన నోట్లోంచి ఒక చప్పుడు వచ్చింది. నవ్వులా మొదలై నవ్వు కాకుండా పోయింది. అప్పలరాజు పలకని కింద పెట్టేశాడు.

“బోర్డు పోయింది పిన్నీ,” అన్నాడు నాతో. “హార్డ్‌డిస్క్‌కి ఏటీ అవలేదు. ఆడి బొమ్మలన్నీ అందులోనే ఉంటాయ్. మా కొట్లో దాంట్లో పెట్టి సూపిత్తాను, మీరెప్పుడంటే అప్పుడు.”

“ఇప్పుడొద్దు నాయనా,” అన్నాను.

ఆ తరవాత పదిహేను రోజులు డబ్బా అలా నేల మీదే నోరు తెరుచుకుని ఉంది. ఏదీ విప్పి వదిలేసే మనిషి కాదు ఆయన. అయినా దాని జోలికి వెళ్ళలేదు. డ్యూటీకి వెళ్ళేవారు, వచ్చేవారు, గోడవైపు తిరిగి పడుకునేవారు. రమణమూర్తిగారు రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మధుకి ఏమీ చెప్పలేదు, అవుననీ, కాదనీ. అది క్యాలెండర్‌లో జూన్ తొమ్మిది చుట్టూ పెన్నుతో గీసుకుంది. రోజూ ఆ గీత మీదే మళ్ళీ దిద్దేది.

ఇంక అది వాడు మూసిన డబ్బా కాదు కాబట్టి, ఒకరోజు తుడుద్దామని కూర్చున్నాను. లోపల బూజు గుడ్డతో తీశాను. గోడకి ఆనించిన మూతని ఇటు తిప్పాను.

మూత లోపలి వైపు ఒక చీటీ అంటించి ఉంది. గీతల పుస్తకంలోంచి చింపిన కాగితం, నాలుగు వైపులా టేపు. మోహన్ రాత. వాడి అక్షరాలు ఎప్పుడూ కుడివైపుకి పడిపోతున్నట్టుంటాయి.

“ఎనిమిది జీబీ. డీడీఆర్ త్రీ. స్పీడు 1600. కొత్తది దొరకదు. పాతదైనా పర్లేదు. నాన్న మూడ్ బాగున్నప్పుడు అడగాలి.”

ఎన్నిసార్లు చదివానో తెలీదు. కుక్కర్ కూతలు కూస్తూనే ఉంది.

అది అంతకాలం అక్కడే ఉంది. ఏప్రిల్‌లో మధు మూత విప్పుతానంటే నేను విప్పనివ్వలేదు. ఆరోజు ఆయన విప్పి, లోపలి వైపుని గోడకి పెట్టారు. ఇంట్లో ఎవరో ఒకరం వాడు రాసింది చదివి ఉంటే ఆ బోర్డు బతికుండేది. అంతే కదా, ఒక బోర్డు. అలా అనుకుని వెళ్ళి కుక్కర్ కింద మంట ఆర్పి వచ్చాను.

ఆ చీటీ ఊడదీసి నా పెట్టెలో దాచుకోవచ్చు. ఆయన కంటపడితే ఏమవుతుందో నాకు తెలుసు. ఊడదీయడానికి టేపు అంచు గోటితో లేపాను కూడా. మళ్ళీ అంటించేశాను. మూతని ఎలా ఉందో అలాగే, రాత గోడవైపు ఉండేలా నిలబెట్టాను. ఆయన మీద కోపంతో అలా చేశానా, కాదా అని నన్ను నేనే చాలాసార్లు అడిగాను. కొంచెం కోపమే. కానీ అది ఆయనకి రాసిన చీటీ. నాకు రాసింది కాదు.

మధుకి కూడా చెప్పలేదు.

*

జూన్ ఆరో తేదీన తొలి వాన పడింది. సాయంత్రం డ్యూటీ నుంచి తడిసి వచ్చి, తల తుడుచుకుని, స్క్రూడ్రైవర్ పట్టుకుని ముందుగదిలో కూర్చున్నారాయన. విప్పినది మూసెయ్యాలని ఆ రోజుకి మనసొచ్చింది.

నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. మూత ఇటు తిప్పడం చూశాను. చేతులు ఆగడం చూశాను. కళ్ళజోడు కోసం జేబు తడుముకోవడం, పెట్టుకోవడం, పెదాలు కదుపుతూ చదవడం చూశాను. చదివి, మళ్ళీ మొదటికి వెళ్ళారు. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కిందా చదివారు. ఆఖరి వాక్యం దగ్గర వేలు చాలాసేపు ఉండిపోయింది.

నేను దగ్గరికి వెళ్ళలేదు.

టేపు ఊడకుండా చూసుకుంటూ మూత బిగించారు. మూడు స్క్రూలు. నాలుగో రంధ్రంలోకి చూసి, తన పనిముట్ల సంచిలో వెతికారు. సరిగ్గా సరిపోయేది దొరికేదాకా ఐదారు స్క్రూలు పెట్టి చూసి తీసేశారు. దేన్నీ బలవంతంగా తిప్పలేదు. దొరికింది బిగించి, డబ్బాని ఎత్తి బల్ల మీద పెట్టి, పైన చేత్తో ఒకసారి నిమిరారు, బిడ్డ తల నిమిరినట్టు. తరవాత పెరట్లోకి వెళ్ళి వానలో నిలబడ్డారు. మా అత్తగారు, “తడుస్తున్నాడే, పిలువు,” అన్నారు. “తడవనివ్వండి అత్తయ్యా,” అన్నాను.

మర్నాడు ఆదివారం. వంకాయ కూర చేశాను. నలుగురం కూర్చున్నాం. ఆయన అన్నం కలపలేదు.

“మధూ, నీకేం కావాలో ఒక కాయితం మీద రాసియ్యి.”

“సెప్పేను కదా నాన్నా.”

“చెప్పేవు. నేను వినలేదు. రాసియ్యి.”

అది నా వైపు చూసింది. నేను కంచంలోకి చూసుకున్నాను. లేచి వెళ్ళి, కరెంటు బిల్లు వెనక ఒకే ఒక్క ముక్క రాసి తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన ఎడం చేత్తో తీసుకుని, దూరంగా పట్టుకుని, నెమ్మదిగా చదివారు. చదవడానికి అంతసేపు పట్టేది కాదది. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

“అమ్మా,” అన్నారు మా అత్తగారితో, రేపు ఏ షిఫ్టో చెప్పినట్టుగా. “మధు నర్సింగులో చేరతాది. రమణమూర్తిగారికి నేను ఫోన్ చేసి చెప్పేస్తాను. రేపు ఫారం ఇవ్వడానికి దాంతో నేను వెళ్తన్నాను.”

మా అత్తగారు కాసేపు కొడుకు మొహం చూశారు. తరవాత కూర గిన్నె మనవరాలి వైపు జరిపారు.

“బండి మీద కాదు. బస్సులో వెళ్తాం,” అన్నారు మా ఆయన నాతో.